గోల్ఫ్ కోర్సుకు ఒంటరిగా ఎందుకు వెళ్లిందని అడిగేవాళ్లకు

ఆడపిల్ల మీద జరిగిన ఏ ఘోరం వార్తల్లోకి వచ్చినా గంట తిరక్కుండానే కొన్ని గ్రూపుల్లో ఉపదేశాలు మొదలవుతాయి. వాటికి ఉదాహరణగా 2018లో అమెరికాలో హత్యకు గురైన గోల్ఫ్ క్రీడాకారిణి కథను కూడా అప్పుడప్పుడూ లాక్కొస్తారు. ఆ వాదన సారాంశం ఇది: డబ్బున్న పిల్ల సరదాగా గోల్ఫ్ ఆడుకోవడానికి ఒంటరిగా నిర్మానుష్యమైన చోటికి వెళ్లింది, పక్కన ఎవరైనా ఉంటే బతికేది, అందుకే ఆడపిల్లల్ని పరాయి దేశాలకు పంపకూడదు, అక్కడి జనం పసుపు చొక్కాలు వేసుకుని ఫొటోలు దిగడం తప్ప చేసిందేమీ లేదు, హంతకుణ్ణి జైల్లో కూర్చోబెట్టి మేపుతున్నారు, మన దగ్గరైతే ఎన్‌కౌంటర్ అయిపోయేవాడు. చాలామంది దీన్ని మంచి మనసుతోనే పంపుతారని తెలుసు. అయినా ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు, కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఆ అమ్మాయి ఎవరో చెప్పాలి, ఎందుకంటే పంపేవాళ్లలో సగం మందికి పేరు కూడా తెలియదు. సెలియా బార్కిన్ అరోసామెనా. వయసు 22. ఉత్తర స్పెయిన్‌లోని కాంటాబ్రియా ప్రాంతంలో ప్యూంటె సాన్ మిగెల్ అనే చిన్న ఊరు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్ చదువుతూ ఆ కాలేజీ గోల్ఫ్ జట్టుకు ఆడింది. 2018 సెప్టెంబర్ 17, సోమవారం ఉదయం, ఏమ్స్ పట్టణంలోని కోల్డ్‌వాటర్ గోల్ఫ్ లింక్స్ అనే గోల్ఫ్ కోర్సులో, అంటే గోల్ఫ్ మైదానంలో, ఆమెను చంపేశారు.

"ఒంటరిగా నిర్మానుష్యమైన చోటికి వెళ్లింది."

మొట్టమొదటి తప్పు ఇదే, మిగతా వాదన మొత్తం దీని మీదే నిలబడింది. కోల్డ్‌వాటర్ ఊరికి దూరంగా ఉన్న అడవి కాదు, యూనివర్సిటీ ఉన్న పట్టణంలోనే అందరూ వచ్చి ఆడుకునే కోర్సు. జరిగింది అర్ధరాత్రి కూడా కాదు, పట్టపగలు. ఆ సమయంలో అక్కడ వేరేవాళ్లు కూడా ఆడుతున్నారు. దిక్కులేకుండా పడి ఉన్న గోల్ఫ్ బ్యాగును ఉదయం పది దాటాక చూసి, ఏదో తేడాగా ఉందని కబురు పంపింది వాళ్లే. అంటే వెలుతురూ ఉంది, మనుషులూ ఉన్నారు, తెలిసిన చోటు, తెలిసిన ఊరు. మన పెద్దవాళ్లు పెట్టే జాగ్రత్తల జాబితాలో ఒక్క "తోడు" తప్ప అన్నీ ఉన్నాయి.

ఆ తోడు సంగతి కూడా చూద్దాం. గోల్ఫ్‌ని మనం ఎక్కువగా టీవీలో చూస్తాం. ఆటగాడి వెంట బ్యాగు మోస్తూ క్యాడీ, చుట్టూ తాడు కట్టి జనం. హైదరాబాద్‌లో గోల్కొండ పక్కన ఉన్న కోర్సుకు వెళ్లినా క్యాడీలు కనిపిస్తారు. అందుకే ఒక్కరే ఆడుతున్నారంటే మనకు వింతగా అనిపిస్తుంది. అమెరికాలో మామూలు పబ్లిక్ కోర్సులో క్యాడీ ఉండడు, ఎవరి బ్యాగు వాళ్లే భుజానికి తగిలించుకుని నడుస్తారు, లేదంటే చిన్న బండిలో పెట్టుకుంటారు. పైగా ప్రాక్టీసుకు వెళ్లిన ఆటగాళ్లు చాలాసార్లు కావాలనే ఒంటరిగా వెళ్తారు. ఒకే చోటి నుంచి మూడు బంతులు కొట్టి చూసుకోవచ్చు, నచ్చని షాట్ మళ్లీ ఆడొచ్చు, వెనక ఎవరినో వెయిట్ చేయించే టెన్షన్ ఉండదు. ఎవరూ లేని కోర్టులో అరగంట సర్వ్ కొట్టుకునే టెన్నిస్ పిల్లను మనం "ఒంటరిగా ఎందుకు" అని అడగం కదా! ఈమె చేసిందీ అదే, ఆమె ఉన్నది ఆమె పని చేసుకునే చోటే. పొద్దున్నే పొలానికి వెళ్లే ఆడమనిషిని, తెల్లవారుజామున ఆసుపత్రి డ్యూటీకి వెళ్లే నర్సును కూడా ఇదే ప్రశ్న అడుగుతారా? ఆలోచిస్తే అడుగుతారనే అనిపిస్తోంది, ఖర్మ.

"తోడు ఉంటే బతికేది."

ఆ ఉదయం వరకే చూస్తే ఏమో, బతికేదేమో. కాదని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కానీ ఈ మాట పంపేవాళ్లు ఒక వివరం మింగేస్తున్నారు. పోలీసులు కోర్టుకు ఇచ్చిన పత్రాల ప్రకారం, నిందితుడు ఆ ముందు రోజుల్లోనే తనకు తెలిసిన ఒకతనితో, ఎవరైనా ఒక స్త్రీ మీద అత్యాచారం చేసి చంపాలని తనకు కోరికగా ఉందని చెప్పాడు. ఎవరైనా ఒక స్త్రీ. సెలియా అతనికి తెలియదు. ఆమె వేసుకున్న బట్టలు, వెళ్లిన వేళ, వెంట ఉన్న మనుషుల లెక్క, ఇవేవీ ఆ కోరికను పుట్టించలేదు. ఆరోజు ఆమెకు తోడు ఉండి ఉంటే ఆ మనిషి బుద్ధి మారేది కాదు, ఇంకో అమ్మాయి పేరు వార్తల్లోకి వచ్చేది, అప్పుడు ఆ అమ్మాయి ఒంటరిగా ఎందుకు వెళ్లిందని ఇదే మెసేజ్ తయారయ్యేది. అడగాల్సిన ప్రశ్న ఉంటే అది వేరు: ఒక మనిషి అంత మాట నోరు తెరిచి అన్నప్పుడు విన్నవాళ్లు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి? దాని మీద ఒక్క ఫార్వర్డ్ కూడా రాదు.

ఇక "తోడు" అంటే మనవాళ్ల ఉద్దేశం అన్న, నాన్న, భర్త, ఇల్లు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2018లోనే ఒక నివేదిక ఇచ్చింది. 2017లో ప్రపంచవ్యాప్తంగా హత్యకు గురైన స్త్రీలు సుమారు 87,000 మంది, అందులో 58 శాతం మందిని చంపింది భర్తో, ప్రియుడో, సొంత కుటుంబ సభ్యులో. కోర్సులో ఎదురైన అపరిచితుడి కంటే ఇంట్లో మనిషి చేతిలో పోయినవాళ్లే ఎక్కువన్నమాట. ఈ లెక్క చూశాక ఇల్లు వదిలి వెళ్లొద్దనే సలహా ఎవరికి పనికొస్తుందో పంపేవాళ్లే చెప్పాలి.

"పరాయి దేశం కాబట్టి ఇలా జరిగింది."

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర టోల్ ప్లాజా పక్కన ఆ పశువైద్యురాలికి ఏం జరిగిందో తెలుగువాళ్లకు నేను గుర్తుచేయాలా? సొంత రాష్ట్రం, సొంత భాష, ఇంటికి బండి మీద వెళ్లిపోయే దూరం. భయమేసి చెల్లెలికి ఫోన్ చేసి మాట్లాడింది కూడా. అప్పటి రాష్ట్ర హోం మంత్రి ఏమన్నారు? చెల్లెలికి బదులు 100కు ఫోన్ చేసి ఉంటే బతికేదన్నారు. ఏమ్స్‌లో అమ్మాయిని తోడు లేదని తప్పుపట్టారు, శంషాబాద్‌లో అమ్మాయిని తోడు కోసం తప్పు నంబర్‌కు ఫోన్ చేసిందని తప్పుపట్టారు. అంటే ఏం చేసినా తప్పు చేసినట్టే, ముందు తప్పు ఆమెదని అనేసుకుని తర్వాత కారణం వెతుక్కుంటున్నారు.

అమెరికాలో మనవాళ్లు క్షేమంగా ఉన్నారని, భయపడాల్సింది లేదని నేను చెప్పడం లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతలో మన హైదరాబాద్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. ఆయన మగవాడు, పక్కన స్నేహితుడు ఉన్నాడు, చుట్టూ బార్ నిండా జనం, కాల్పులు జరిపినవాణ్ణి ఆపబోయి ఒక అమెరికన్ కూడా గాయపడ్డాడు. ఆయన ఒంటరిగా ఎందుకు వెళ్లాడని ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. అందరూ చంపినవాడి ద్వేషం గురించే మాట్లాడారు. అదే మర్యాద సెలియాకు ఇవ్వడానికి ఏం అడ్డం?

ఈ పరాయి అనే ముక్క అమెరికాలో కూడా ఇంకో రకంగా నడిచింది. సెలియాకు రెండు నెలల ముందు అదే అయోవా రాష్ట్రంలో, జాగింగ్‌కు వెళ్లిన 20 ఏళ్ల విద్యార్థిని హత్యకు గురైంది. పట్టుబడినవాడు మెక్సికో నుంచి పత్రాలు లేకుండా వచ్చినవాడు కావడంతో దేశమంతా వలసల మీద గోల మొదలైంది, చివరికి ఆ అమ్మాయి తండ్రే పత్రికలో వ్యాసం రాసి, నా బిడ్డ చావును మీ రాజకీయాలకు వాడుకోవద్దని అడగాల్సి వచ్చింది. సెలియా విషయంలో అంతా తారుమారు. పరాయి దేశం నుంచి వచ్చింది ఆమె, చంపింది స్థానికుడు. వాడి పేరు ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు. ఇల్లు లేక కోర్సు పక్కన చెట్లలో గుడారం వేసుకుని ఉన్నాడు, పోలీసు కుక్క అక్కడికే తీసుకెళ్లింది. అన్నట్టు, ఈ ముక్క పట్టుకుని ఇల్లులేని వాళ్లందరినీ తరిమేయాలని అనేవాళ్లూ ఉన్నారు. ఒంటరిగా వెళ్లడం హత్యకు కారణం కానట్టే గుడారంలో ఉండడమూ కారణం కాదు.

"డబ్బున్న పిల్ల, సరదా ఆట."

దీని మీద ఎక్కువ రాయను. కాంటాబ్రియా అనగానే గోల్ఫ్ తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది సెవె బాయెస్టెరోస్, పెడ్రేన్యా ఊరివాడు, చిన్నప్పుడు క్యాడీ పని చేస్తూ ఒకే ఒక్క క్లబ్బుతో సముద్రపు ఒడ్డున ఇసుకలో ఆట నేర్చుకున్నవాడు. అలాంటి చోటి నుంచి వచ్చిన అమ్మాయి 2018 ఒక్క ఏడాదిలో ఏం చేసిందో చూడండి. వసంతంలో బిగ్ 12 కాన్ఫరెన్స్ అనే యూనివర్సిటీల లీగ్‌లో టైటిల్ గెలిచింది. అమెరికా మహిళల ఓపెన్‌లో ఆడింది. జులైలో స్లొవేకియాలో జరిగిన యూరోపియన్ లేడీస్ అమెచ్యూర్ గెలిచింది, యూరప్‌లో అమెచ్యూర్ అమ్మాయిలకు, అంటే ఇంకా ప్రొఫెషనల్ కానివాళ్లకు, ఉన్న పెద్ద వ్యక్తిగత టైటిళ్లలో అదొకటి. ఆ తర్వాత మహిళా ప్రొఫెషనల్స్ ఆడే ఎల్‌పీజీఏ టూర్‌లోకి వెళ్లే అర్హత పోటీల్లో మొదటి దశ దాటింది. కాలేజీ జట్టుకు ఆడే గడువు అయిపోయినా ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తి చేయడానికి ఏమ్స్‌కు తిరిగొచ్చింది. అంటే రెండో దశకు సాధన చేసుకుంటూ, ఇంకోపక్క సివిల్ చివరి సెమిస్టర్ క్లాసులకు వెళ్తున్న మనిషి. దీన్ని సరదా అంటే మరి కష్టం అని దేన్నంటారు?

"పసుపు చొక్కాలు వేసుకుని ఫొటోలు దిగారు."

ఈ ఎగతాళికి మాత్రం నిజంగా ఒళ్లు మండింది. ఆ సెప్టెంబర్ 22న అయోవా స్టేట్ ఫుట్‌బాల్ జట్టుకు అక్రాన్ యూనివర్సిటీతో మ్యాచ్ ఉంది. యూనివర్సిటీ ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారిణిగా సెలియాను ఎంపిక చేసింది, ఆ శనివారం అదే మైదానంలో ఆమెను సన్మానించాలని ముందే అనుకున్నారు. సోమవారం ఆమె పోయింది. అప్పుడు ఆమెకు ఇష్టమైన రంగు పసుపు కాబట్టి అందరూ అదే వేసుకుని రమ్మన్నారు, ఆటగాళ్ల హెల్మెట్ల మీద ఆమె పేరులోని పొడి అక్షరాలు అంటించారు, బ్యాండు వాళ్లు మైదానంలో అవే అక్షరాలుగా నిలబడ్డారు. అంతకుముందు బుధవారం క్యాంపస్‌లో కొవ్వొత్తులు పట్టుకుని జనం పోగయ్యారు. గోల్ఫ్ జట్టు అమ్మాయిలు మిషిగన్‌లో ఆడుతున్న టోర్నమెంటు వదిలేసి ఆమె స్నేహితుల దగ్గరికి వెనక్కి వచ్చేశారు.

ఇందులో ఫొటోలు దిగే పని ఎక్కడుంది? మన ఊళ్లో కుర్రాడు పోతే పదో రోజుకు ఫ్లెక్సీ కడతాం, బొమ్మ పక్కన స్నేహితులందరి పేర్లూ వేస్తాం, అది దుఃఖం చెప్పుకునే మన పద్ధతి. వాళ్ల పద్ధతి వాళ్లది. గోల్ఫ్ లోకం చాలా చిన్నది. కాలేజీ గోల్ఫ్ అయితే మరీ చిన్నది, అయిదుగురు ఆడితే నాలుగు మంచి స్కోర్లు లెక్కలోకి తీసుకునే జట్లు, వారం వారం అవే ముఖాలు, వేరే కాలేజీ జెర్సీ వేసుకున్న అమ్మాయి కూడా నాలుగేళ్లు నడిచీ నడిచీ స్నేహితురాలు అయిపోతుంది. స్పెయిన్‌లో జూనియర్ జట్ల నుంచి ఆమెను చూసినవాళ్లు వేరే. వాళ్లు ఏడ్చారు, రంగు వేసుకున్నారు, రిబ్బన్ కట్టుకున్నారు. దాన్ని డ్రామా అనడానికి అంత దూరం నుంచి మనకేం తెలుసు?

"హంతకుణ్ణి మేపుతున్నారు, మన దగ్గరైతే ఎన్‌కౌంటర్."

అయోవాలో మరణశిక్ష లేదు, 1965లోనే రద్దు చేశారు. ఫస్ట్ డిగ్రీ మర్డర్, అంటే అన్నిటికంటే తీవ్రమైన హత్యానేరం, రుజువైతే అక్కడ శిక్ష ఒక్కటే, బతికున్నంత కాలం జైలు, పెరోల్ ఉండదు. సెలియాను చంపినవాడు 2019 జూన్‌లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, ఆగస్టులో ఆ శిక్ష పడింది. చచ్చేదాకా బయటికి రాడు. సెప్టెంబర్‌లో నేరం, మళ్లీ సెప్టెంబర్ రాకముందే శిక్ష. మన దగ్గర అదనపు సాక్ష్యాల పేరుతో వాయిదాల మీద వాయిదాలు నడిచే కేసులు ఎన్నో లెక్కపెట్టుకుని, అప్పుడు వాళ్లను మెతక అనండి.

ఇక ఎన్‌కౌంటర్. శంషాబాద్ కేసులో 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే ఊళ్లలో టపాసులు పేల్చారు, పోలీసుల మీద పూలు చల్లారు. విచారణ జరగలేదు కాబట్టి ఆ నవంబర్ రాత్రి ఎవరు ఏం చేశారనేది ఏ కోర్టూ తేల్చలేదు, ఇక తేల్చదు కూడా. ఈ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది, నిందితులను చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అందులో తేల్చి చెప్పారు. మెసేజ్ ముందుకు నొక్కేవాళ్లలో ఎవరికైనా తీరిక ఉంటే ఆ నివేదిక దొరుకుతుంది, చదువుకోవచ్చు.