అన్ని యూరిన్ పైపులూ ఒకటి కాదు

ఇప్పుడే మెడికల్ షాపులో గొడవపడి వచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాన్నకి ఈరోజు యూరిన్ పైపు (కాథెటర్) మార్చాలి. చీటీ మీద స్పష్టంగా రాసి పంపాను: ఫోలీ (బ్లాడర్ లోపలే నిలిచి ఉండే రకం), 16 సైజు, ఫుల్ సిలికాన్. సిస్టర్ వచ్చి, గ్లౌజులు వేసుకోబోతూ కవర్లోకి చూసి ఆగిపోయింది. పైపు చివర నారింజ రంగు ఉండాల్సిన చోట ఎర్రగా ఉంది. అంటే 18. పైగా లేటెక్స్, అంటే రబ్బరుది. నాన్న అప్పటికే దుప్పటి తీసి, పళ్లు బిగించి సిద్ధంగా ఉన్నారు. ఆయన్ని అలాగే ఉంచి షాపుకి పరిగెత్తాను.

ప్యాకెట్ చింపలేదు, మార్చివ్వండి అంటే అతని సమాధానం ఇది: "అన్నీ ఒకటేనమ్మా, లావుదైతే ఇంకా బాగా వస్తుంది."

ఏమిటి ఒకటే? ఆ నంబరు పైపు లావు. మూడు నంబర్లు పెరిగితే ఒక మిల్లీమీటరు. 18 అంటే ఆరు మిల్లీమీటర్లు. అది వెళ్లేది ఎక్కడినుంచో ఆ కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి తెలియదా? అవసరానికి మించి లావైతే లోపల ఒరుసుకుంటుంది, మంట పుడుతుంది, బ్లాడర్ బిగుసుకుని పైపు పక్కనుంచే కారుతుంది. అలా కారితే మళ్లీ ఇదే మనిషి ఇంకా లావుది అంటగడతాడు!

లేటెక్స్ చవక, ఒప్పుకుంటాను. కానీ రెండు నుంచి నాలుగు వారాల్లో మార్చాలి. పూర్తి సిలికాన్ అయితే మధ్యలో మూసుకుపోకుండా ఉంటే పన్నెండు వారాల దాకా ఉంచొచ్చు. కొందరికి లేటెక్స్ ఎలర్జీ కూడా. మంచం పట్టిన మనిషికి మార్చిన ప్రతిసారీ నొప్పే, ప్రతిసారీ ఇన్ఫెక్షన్ భయమే. చవక పైపు కొని మిగిల్చిన డబ్బులు సిస్టర్ ఫీజుకీ, జెల్లీకీ, యాంటీబయాటిక్‌కీ పోతాయి.

బ్యాగ్ సంగతి కూడా ఇంతే. ఓసారి అడుగున ట్యాప్ లేనిది ఇచ్చారు. అది నిండినప్పుడల్లా పైపు నుంచి ఊడదీయాలి. ఊడదీసిన ప్రతిసారీ క్రిములకు తలుపు తెరిచినట్టే. కింద ట్యాప్, యూరిన్ వెనక్కి పోకుండా వాల్వ్, మంచానికి తగిలించే హుక్, ఈ మూడూ చూసి కొనండి. బ్యాగ్ ఎప్పుడూ బ్లాడర్ కంటే కిందే ఉండాలి, కానీ నేలకు తగలకూడదు. పైపు జారిపోకుండా లోపల ఉబ్బించే బెలూన్‌లోకి సెలైన్ ఇస్తే తీసుకోకండి, స్టెరైల్ వాటర్ అడగండి. సెలైన్‌లోని ఉప్పు పేరుకుంటే తీసేటప్పుడు బెలూన్ దిగదు.

ఇదంతా నేనే గట్టిగా అడుగుతుంటే షాపులో ఉన్నవాళ్లు తల తిప్పుకున్నారు. కుర్రాడు గొంతు తగ్గించి, నల్ల కవర్లో చుట్టి ఇవ్వబోయాడు. ఎందుకు దాచడం? షుగర్ స్ట్రిప్స్ నల్ల కవర్లో ఇస్తున్నారా? ఈ సిగ్గు వల్లే ఎవరూ నంబరు అడగరు, ఇచ్చింది పట్టుకుని తల దించుకుని పోతారు.

అసలు షాపుకంటే నాకు ఎక్కువ కోపం హాస్పిటల్ మీద. నాన్నని డిశ్చార్జ్ చేసిన రోజు ఫైల్ ఇంత లావు ఇచ్చారు. స్కాన్లు, రక్తపరీక్షలు, బిల్లులు అన్నీ ఉన్నాయి. పైపు గురించి ఒక్క ముక్క: "కాథెటర్ కేర్". సైజు లేదు, ఏ రకమో లేదు, మళ్లీ ఎప్పుడు మార్చాలో లేదు. బ్యాగ్ ఎలా ఖాళీ చేయాలో అమ్మకి చూపించమంటే, టైమ్ లేదు, నర్సులకి డ్యూటీ మారుతోంది అన్నారు. బిల్లు కౌంటర్ దగ్గర మాత్రం అందరికీ టైముంది. ఆ రాత్రి యూరిన్ ఆగిపోతే, పైపు మెలిక పడిందేమో చూడాలని కూడా మాకెవరూ చెప్పలేదు. నాన్న పొట్ట పట్టుకుని అరుస్తుంటే అమ్మ దేవుడి పటం ముందు కూర్చుంది. అది నేను మర్చిపోలేను, మర్చిపోను కూడా.

షాపు వాడు చివరికి సైజు మార్చాడు, సిలికాన్ మాత్రం స్టాక్ లేదన్నాడు. వేరే షాపులో దొరికింది. సిస్టర్ పాపం ఓపిగ్గా అప్పటిదాకా ఉండి వేసి వెళ్లింది.

వచ్చే వారం రివ్యూ ఉంది. సైజు, రకం, బెలూన్‌లో ఎన్ని ఎంఎల్, మళ్లీ మార్చాల్సిన తేదీ, ఇవన్నీ ఆ కాగితం మీద రాసిచ్చేదాకా డాక్టర్ గది లోంచి కదలను. మీ ఇంట్లో కూడా పైపుతో ఉన్నవాళ్లుంటే మీరూ కదలకండి.