సవరణ: రిపీటర్ సిగ్నల్‌ను బాగుచేయదు

సముద్రగర్భ కేబుళ్ల గురించి మొన్న రాసిన పోస్టులో "సుమారు 80 కిలోమీటర్లకు ఒకటి ఉండే రిపీటర్, పాడైన సిగ్నల్‌ను సరిచేసి కొత్తదానిలా ముందుకు పంపుతుంది" అన్నాను. అది తప్పు. పాత పద్ధతిని ఇప్పటి కేబుళ్లకు అంటగట్టాను. ఈ రంగంలో పనిచేసే ఒక పాఠకుడు చెప్పాక పాఠ్యపుస్తకాల్లో సరిచూసుకున్నాను.

1988లో అట్లాంటిక్ అడుగున వేసిన టాట్-8 అనే కేబుల్‌లో అలాగే జరిగేది. రిపీటర్ వెలుగును కరెంటుగా మార్చి, బిట్లను గుర్తుపట్టి, మళ్లీ లేజర్‌తో పంపేది. ఇప్పటి రిపీటర్‌లో ఉండేది ఎర్బియం అనే లోహం కలిపిన ఫైబర్ (వెలుగు ప్రయాణించే గాజు తీగ). దారిలో నలభయ్యో వంతుకు పడిపోయిన వెలుగును అది పెంచుతుంది, అంతే. నాయిస్ (సిగ్నల్‌లో కలిసే అనవసరపు అలజడి) కూడా దాంతోపాటే పెరుగుతుంది, పైగా రిపీటర్ తనవంతు కొంత కలుపుతుంది.

బాగుచేసే పనంతా అవతలి ఒడ్డున, రిసీవర్ చిప్‌లో. సెకనుకు 3,200 కోట్ల సింబల్స్ (బిట్లను మోసే వెలుగు తునకలు) పంపుతున్నాం అనుకుందాం. ఒక్కో సింబల్ నిడివి దాదాపు 31 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు). నేల మీద వాడే మామూలు ఫైబర్‌లో 1,000 కిలోమీటర్లు వెళ్లేసరికి ఒక్కోటి వందకు పైగా సింబల్స్ మేర పరుచుకుపోతుంది. చిప్ ఆ కలగాపులగాన్ని లెక్కలతో విప్పుతుంది, రెండు పోలరైజేషన్లను (వెలుగు తరంగం ఊగే దిశలను) విడదీస్తుంది, లేజర్ ఫేజ్ (తరంగం తన ఊపులో ఏ దశలో ఉందో అది) జారుడును సరిచేస్తుంది. మిగిలిన తప్పుల్ని ఎర్రర్ కరెక్షన్ కోడ్ దిద్దుతుంది. కోహెరెంట్ రిసీవర్ అనే ఈ రకం రిసీవర్ వెలుగు తీవ్రతతో పాటు ఫేజ్‌ను కూడా పట్టుకోగలదు కాబట్టే ఇదంతా సాధ్యం. ఇంత అందమైన భాగాన్నే నేను వదిలేశాను.

పాత పోస్టులో ఆ పేరా మార్చాను. మిగతాదంతా యథాతథం.