లీనియర్ ఆల్జీబ్రా వదిలేయమన్న మెసేజ్‌కు నా జవాబు

లీనియర్ ఆల్జీబ్రా పేపర్ ఉండే డిగ్రీ ఐదో సెమిస్టర్ మొదలైందంటే చాలు, మా దిక్కు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరగడం మొదలవుతుంది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి ఎక్కడి పిల్లల ఫోన్లో చూసినా అదే. మాటలు కొద్దిగా మారినా దాని సారం ఇది: "మ్యాథ్స్ పిల్లలూ, లీనియర్ ఆల్జీబ్రా మీద టైం పాడుచేసుకోకండి. ఇంటర్‌లో చదివిన మాత్రికలే అవి. లెక్కలన్నీ కంప్యూటర్ చేస్తుంది. ఏ ఉద్యోగానికీ పనికిరాదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఆ థియరీ ఎలాగూ ఎక్కదు. పది ప్రూఫ్‌లు బట్టీ కొట్టి బయటపడండి."

నేను దేవరకొండ దిక్కు ఊరి నుంచి వచ్చి నల్లగొండలో బీఎస్సీ చదివాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు సాయంత్రాలు ట్యూషన్ చెప్తున్నాను. పోయిన నెల నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి ఈ మెసేజ్ చూపించి, "మేడం, నిజంగనే వదిలేయమంటరా?" అని అడిగింది. అప్పుడు ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి మాట, "ఇంటర్‌లో చదివిన మాత్రికలే." అన్నిటికంటే ఎక్కువ చెడు చేస్తున్న మాట ఇదే, ఎందుకంటే మొదటి రెండు వారాలు ఇది నిజంలాగే కనబడుతుంది. ఇంటర్ ఫస్టియర్‌లో మాత్రికలకు, అంటే అడ్డ, నిలువు వరుసల్లో పేర్చిన సంఖ్యల పట్టికలకు, నిర్ధారకం (డిటర్మినెంట్) కట్టాం, సమీకరణాలు సాధించడానికి క్రామర్ పద్ధతి చేశాం, గాస్-జోర్డాన్ చేశాం, కోటి (ర్యాంక్) కూడా కనుక్కున్నాం. డిగ్రీలో మొదట వచ్చేవీ అవే. వచ్చిన పాఠమే కదా అని పిల్లలు నిశ్చింతగా ఉంటారు. మూడో వారంలో సార్ బోర్డు మీద సదిశాంతరాళం (వెక్టర్ స్పేస్, అంటే కూడడానికి, సంఖ్యతో గుణించడానికి వీలైనవాటి సమూహం) అని రాసి, కింద వరసగా పది నియమాలు రాస్తారు. ఆ రోజు నుంచి క్లాసులో ఒక్కరూ నోరు తెరవరు.

ఇది మన పాలమూరు పిల్లలకో నల్లగొండ పిల్లలకో ఉన్న లోపం అనుకుంటే పొరపాటు. అమెరికాలో డేవిడ్ కార్ల్‌సన్ అనే గణిత ప్రొఫెసర్ 1993లో సరిగ్గా ఈ సంగతే రాశారు. సమీకరణాలు సాధించేటప్పుడు, మాత్రికలు గుణించేటప్పుడు పిల్లలు హాయిగా ఉంటారు. ఉపాంతరాళం (అంతరాళం లోపలి చిన్న అంతరాళం), స్పాన్ (కొన్ని వెక్టర్లను కలిపి చేరగలిగినదంతా), లీనియర్ ఇండిపెండెన్స్ (ఏ ఒక్కటీ మిగతావాటి నుంచి రాకపోవడం) వచ్చేసరికి క్లాసు మీద దట్టంగా పొగమంచు కమ్మినట్టు అవుతుందని ఆయన అన్నారు. మంచి లైబ్రరీలు, మంచి కంప్యూటర్లు ఉన్న చోట కూడా అదే మలుపు దగ్గర అదే మంచు.

ఎందుకంటే అక్కడిదాకా చేసింది లెక్క, అక్కడి నుంచి చేయాల్సింది అర్థం వెతుక్కోవడం. ఆ అర్థం పెద్ద పెద్దవాళ్లకు కూడా తొందరగా అందలేదు. గ్రాస్‌మన్ అనే జర్మన్ స్కూల్ టీచర్ 1844లో ఈ ఆలోచనలు పుస్తకంగా రాస్తే చదివి పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. పియానో అనే ఇటలీ గణితవేత్త దాన్ని నియమాల రూపంలో పెట్టింది 1888లో. మధ్యలో నలభై నాలుగేళ్లు గడిచాయి. మనం మాత్రం నలభై నిమిషాల పీరియడ్‌లో రాయించేసి, రేపటికి చదువుకుని రమ్మంటాం.

నేను ఆ మలుపును టిఫిన్ సెంటర్ బిల్లుతో దాటిస్తాను. మీరు రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక చాయ్ తీసుకుంటే బిల్లు 50 రూపాయలు. పక్క టేబుల్ వాళ్లు నాలుగు ప్లేట్ల ఇడ్లీ, రెండు చాయ్‌లు తీసుకుంటే 100. ఇప్పుడు ప్లేట్ ఇడ్లీ ఎంత, చాయ్ ఎంత? చెప్పలేం. రెండు బిల్లులున్నా కొత్త సమాచారం ఒక్కటే, ఎందుకంటే రెండోది మొదటిదానికి రెట్టింపు, అంతే. మూడో టేబుల్ వాళ్లు ఒక ఇడ్లీ, మూడు చాయ్‌లకు 50 కట్టారనుకోండి, వెంటనే ఇడ్లీ 20, చాయ్ 10 అని తేలిపోతుంది. మొదటి జత లీనియర్‌గా డిపెండెంట్, మొదటిదీ మూడోదీ ఇండిపెండెంట్. ఈ మాట ఇలా చెప్తే అర్థం కాని పిల్లను నేనింకా చూడలేదు.

అదే మొదటి రెండు బిల్లుల నుంచి మాత్రిక రాయండి: పై వరుసలో 2, 1, కింది వరుసలో 4, 2. నిర్ధారకం సున్నా. ఇంటర్‌లో "సున్నా వస్తే విలోమం ఉండదు" అని రాసి మార్కు తెచ్చుకున్నాం. విలోమం అంటే మాత్రిక చేసిన పనిని వెనక్కి తిప్పే మాత్రిక. ఎందుకు ఉండదో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నిర్ధారకం అంటే ఒక స్థలాన్ని ఆ మాత్రిక ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్య. అడ్డంగా మూడు రెట్లు, నిలువుగా రెండు రెట్లు సాగదీసే మాత్రిక నిర్ధారకం 6, అంటే ఎకరం చెలక ఆరెకరాలవుతుంది. మన బిల్లుల మాత్రికకు సున్నా వచ్చిందంటే, ఎకరంలో ఉన్న ప్రతి బిందువునూ తెచ్చి ఒకే గీత మీద పడేస్తోందన్న మాట. చెలక మొత్తం గట్టైపోయింది. గట్టును చూసి చెలకలో ఏ చెట్టు ఎక్కడుండేదో చెప్పగలమా? విలోమం లేదంటే అర్థం అది. ఇంటర్‌లో ఉన్నది మాత్రికను పట్టుకుని లెక్క చేయడం. మాత్రిక ఏం చేస్తోందో చూడడం డిగ్రీలోనే మొదలవుతుంది.

విలోమం లేదు కాబట్టి అక్కడితో ఆగిపోవాలా అంటే అదీ కాదు. 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన తెలుగాయన సి.ఆర్.రావు, మామూలు విలోమం లేని మాత్రికలతో కూడా పని ఎలా నడపాలో చూపించినవాళ్లలో ముఖ్యులు. జనరలైజ్డ్ ఇన్వర్స్ (విలోమం లేని చోట దాని బదులు వాడేది) మీద ఆయన చేసిన కృషిని ప్రపంచమంతటా స్టాటిస్టిక్స్ విద్యార్థులు చదువుకుంటున్నారు.

రెండో మాట, "కంప్యూటర్ చేస్తుంది." చేస్తుంది, కానీ ఏ దారిలో చేయాలో మనిషే చెప్పాలి. ఇంటర్‌లో నేర్చుకున్నట్టు వరుస పట్టి విస్తరిస్తూ పోతే, 20 అడ్డ వరుసలు, 20 నిలువు వరుసలు ఉన్న నిర్ధారకంలో దాదాపు 24 వేల కోట్ల కోట్ల పదాలు వస్తాయి. సెకనుకు వంద కోట్ల పదాలు లెక్కగట్టే యంత్రానికైనా దాదాపు 77 ఏళ్లు కావాలి. అదే నిర్ధారకం ఎలిమినేషన్ పద్ధతిలో, అంటే ఒక వరుస సాయంతో కింది వరుసల్లో సంఖ్యలను సున్నా చేసుకుంటూ పోతే, మూడు వేల లోపు గుణకారాలు, భాగహారాలతో అయిపోతుంది, ఫోన్ కూడా కన్ను మూసి తెరిచేలోపు చేసేస్తుంది. యంత్రం అదే, దారి తెలిసిన మనిషి ఉన్నాడా లేడా అన్నదే తేడా.

ఇంకో సంగతి. x + y = 2, x + 1.0001y = 2.0001 అని రెండు సమీకరణాలు ఇవ్వండి. జవాబు x = 1, y = 1. చివరి సంఖ్యను 2.0001 బదులు 2.0002 చేయండి. ఇప్పుడు x = 0, y = 2. నాలుగో దశాంశంలో ఒక్క అంకె మారితే జవాబు మొత్తం తారుమారు. కొలతలో అంతపాటి తప్పు ఎవరికైనా వస్తుంది. యంత్రం రెండుసార్లూ అడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చింది, దాన్ని నమ్మి పని మొదలుపెట్టొచ్చా లేదా అన్నది మాత్రం చెప్పలేదు. ఆ రెండు గీతలు దాదాపు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయని గుర్తుపట్టాల్సింది మనమే.

"ఏ ఉద్యోగానికీ పనికిరాదు" అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. 1998లో గూగుల్ మొదలైనప్పుడు పేజీలకు వరుస నిర్ణయించిన పద్ధతి ఒక పెద్ద మాత్రికకు ఐగెన్ వెక్టర్ (ఆ మాత్రికతో గుణించినా గీత మారని వెక్టర్) కనుక్కోవడమే. ఇవాళ ఏఐ అంటున్నదంతా లోపల కోట్ల సంఖ్యల మాత్రికల గుణకారాలు. 2024లో గేట్ పరీక్షలో డేటా సైన్స్, ఏఐ పేపర్ కొత్తగా పెట్టారు, దాని సిలబస్‌లో లీనియర్ ఆల్జీబ్రా ఉంది. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్ రాసినా, లెక్చరర్ కావడానికి సీఎస్ఐఆర్ నెట్ రాసినా ఇది తప్పదు. మన జిల్లాల నుంచి మ్యాథ్స్ తీసుకున్న పిల్లలకు ముందుకు పోయే దారులు ఉన్నవే కొన్ని. వాటిలో ఇన్నింటికి ముందు నిలబడ్డ సబ్జెక్టును వదిలేయమని చెప్పేవాళ్లు ఆ పిల్లలకు ఏ దారి మిగులుస్తున్నారో కూడా చెప్పాలి.

"తెలుగు మీడియం వాళ్లకు ఎక్కదు" అన్న మాట దగ్గర నాకు కోపం వస్తుంది, దాచుకోను. కష్టం ఉంది, నేను పడ్డాను. అయితే ఆ కష్టం తెలివిలో లేదు, పేర్లలో ఉంది. ఇంటర్‌లో సదిశ అంటే పరిమాణం, దిశ రెండూ ఉన్నది అని నేర్చుకున్నాం. పేరులోనే దిశ ఉంది. డిగ్రీకి వచ్చేసరికి బహుపది (పాలినామియల్, 3 + 2x + x² లాంటిది) కూడా వెక్టరే అన్నారు. నా నోట్‌బుక్ అంచున పెన్సిల్‌తో "దీనికి దిశ ఏది?" అని రాసుకున్నాను, అడగడానికి ధైర్యం చాలలేదు. ఇంకో చిక్కు చూడండి. వెక్టర్ పొడవునూ పరిమాణం అంటాం, త్రిపరిమాణం అన్నప్పుడు డైమెన్షన్‌నూ పరిమాణమే అంటాం. ఒకే మాట రెండు పనులు చేస్తుంటే, ఇంగ్లిష్‌లోకి మారిన మొదటి ఏడాది పిల్లకు తికమక కాకుండా ఎలా ఉంటుంది?

కానీ "బహుపదికి దిశ ఏది" అన్న ప్రశ్న చాలా మంచి ప్రశ్న. వెక్టర్ అంటే బాణం గుర్తే కానక్కర్లేదు, కూడడానికి, సంఖ్యతో గుణించడానికి వీలైతే చాలు అన్న అసలు విషయానికి అది నేరుగా తీసుకెళ్తుంది. ఇంగ్లిష్ మీడియంలో వెక్టర్ అన్న మాటలో దిశ కనబడదు కాబట్టి ఆ ప్రశ్న తట్టకుండానే ముందుకు పోయేవాళ్లున్నారు. తెలుగులో చదువుకున్న పిల్లకు ఆ ప్రశ్న పుడుతోంది. దానికి ఒక్క పీరియడ్ కేటాయించి జవాబు చెప్పగలిగితే, మిగతా సిలబస్‌కు టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక బట్టీ. దీని గురించి నా అనుభవమే చెప్తాను. మా లెక్చరర్ నోట్స్ డిక్టేట్ చేసేవారు, మేం రాసుకునేవాళ్లం. ర్యాంక్-నల్లిటీ సిద్ధాంతం (అవతలికి చేరిన డైమెన్షన్లు, సున్నాలో కలిసిన డైమెన్షన్లు కూడితే మొదట ఉన్నన్ని వస్తాయని చెప్పేది) ప్రూఫ్ ఒకటిన్నర పేజీ. కామా పొల్లు పోకుండా సెమిస్టర్ పరీక్షలో రాశాను, మంచి మార్కులే వచ్చాయి. తర్వాత పీజీ ఎంట్రన్స్‌కు తయారవుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను: ఐదు డైమెన్షన్ల అంతరాళం నుంచి మూడు డైమెన్షన్ల అంతరాళానికి వెళ్లే లీనియర్ మ్యాప్ ఒకటికి ఒకటిగా, అంటే రెండు వేర్వేరు వెక్టర్లను ఒకే చోటికి పంపకుండా, ఉండగలదా? అరగంట కూర్చున్నా తెలియలేదు. నేను బట్టీ కొట్టిన సిద్ధాంతమే దానికి ఒక్క వాక్యంలో జవాబు. ఐదు వచ్చి మూడులో పట్టాలంటే కనీసం రెండు డైమెన్షన్లు సున్నాలో కలవాల్సిందే, కాబట్టి ఉండలేదు. ఆ సిద్ధాంతం ఏం చెప్తోందో తెలియకుండానే దాన్ని రుజువు చేసి మార్కులు తెచ్చుకున్నానని ఆ రోజు తెలిసింది. చాలా ఏడ్చాను.

మెసేజ్ రాసినవాళ్ల బాధలో నిజం ఉన్న చోటు ఒకటుంది, అది ఒప్పుకోవాలి. చాలా చోట్ల ఈ సబ్జెక్టు చెప్పే తీరు బాగాలేదు. నిర్వచనం, సిద్ధాంతం, ప్రూఫ్, మళ్లీ నిర్వచనం. మధ్యలో ఒక్క బొమ్మ ఉండదు. పైగా ఈ పేపర్ గొలుసులాంటిది. ఊరి బస్సు తప్పిపోయో, పత్తి ఏరడానికి ఇంట్లో ఆపేసో ఒక వారం రాని పిల్లకు స్పాన్ తెలియదు, స్పాన్ తెలియకపోతే బేసిస్ (అంతరాళం మొత్తాన్ని కట్టడానికి సరిపోయే ఇండిపెండెంట్ వెక్టర్లు) తెలియదు, ఆ తర్వాత చెప్పేదేదీ తెలియదు. ఆ వారాన్ని మళ్లీ చెప్పే ఏర్పాటు కాలేజీల్లో ఉండాలని అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. సబ్జెక్టు వదిలేయమనడం వల్ల ఆ ఏర్పాటు రాదు, అడిగేవాళ్లు కూడా మిగలరు.

మెసేజ్ చూపించిన ఆ అమ్మాయి చదువు ఆపలేదు. c + bx + ax² ను మూడు సంఖ్యల బిల్లులా చూడమని చెప్పాను. రెండు రోజులు దాంతో కుస్తీ పట్టింది. మూడో రోజు వచ్చి, "మేడం, అట్లయితే అవకలనం కూడా మాత్రికనే అయితదా?" అంది. బోర్డు దగ్గరికి పంపాను. 1, x, x² ఒక్కొక్కదాన్నీ అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి, వచ్చినవాటిని నిలువు వరుసలుగా తనే పేర్చింది. నిర్ధారకం కట్టింది. సున్నా వచ్చింది. చాక్‌పీస్ పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, "స్థిరపదం పోతుంది కదా మేడం, అది ఎంత ఉండెనో మళ్ల ఎట్ల తెలుస్తది? అందుకే సున్నా" అంది.