ఇసుక రీచ్ లేదు, వేబిల్లు లేదు, అడిగేవాడు లేడు

మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో ఇసుక తవ్వడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఈ ముక్క చదివాక కూడా మీకు ఒళ్లు మండలేదంటే మీరు ఈమధ్య ఇల్లు కట్టలేదన్నమాట.

నేను సీరియస్‌గానే అంటున్నాను. 2011 నవంబరులో పూర్తిస్థాయిలో విడుదలైన ఆట ఇది. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లు పోసి దాన్ని తయారుచేసిన కంపెనీని కొనేసింది, 2023 నాటికి అమ్ముడైన కాపీలు 30 కోట్లు దాటాయి. అంత డబ్బు, అంత జనం, ఆరు కోట్ల బ్లాకుల (ఆ లోకంలో నేలా చెట్టూ అన్నీ ఈ ఘనాకారపు దిమ్మలే) పొడవూ అంతే వెడల్పూ ఉన్న ప్రపంచం, అందులో ఒక్క గనుల శాఖ లేదు, ఒక్క తహసీల్దారు లేడు, చెక్‌పోస్టు అసలే లేదు. ఆరో క్లాసు పిల్లాడు పొద్దున లేచి పళ్లయినా తోముకోకుండా డెసర్ట్ బయోమ్‌లోకి, అంటే ఆటలోని ఎడారి ప్రాంతంలోకి వెళ్లి పట్టపగలు ఇసుక ఎత్తుకొచ్చేస్తున్నాడు. వాడి వాళ్లమ్మ వెనకనుంచి టిఫిన్‌కి పిలుస్తోంది తప్ప ఇంకెవరూ ఆపడం లేదు.

మన దగ్గర ఇలాగే జరుగుతుందా? ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఇసుక ఉచితం అన్నారు, 2019లో కాదు కాదు డబ్బు కట్టి బుక్ చేసుకోండి అన్నారు, 2024లో మళ్లీ ఉచితం అన్నారు. ఉచితం అంటే ఇసుక ఉచితం అని అర్థం, తవ్వినందుకూ లోడు చేసినందుకూ ఇంటిదాకా తెచ్చినందుకూ మాత్రం మనమే ఇచ్చుకోవాలి. తెలంగాణలో అయితే ఆన్‌లైన్‌లో బుక్ చేసి లారీ ఎప్పుడొస్తుందా అని ఫోన్ వంక చూస్తూ కూర్చోవాలి. ఒక వస్తువు జనానికి ఉచితంగా అందాలంటే దాని వెనక ఎన్ని జీవోలు, ఎన్ని స్టాక్ యార్డులు, ఎంతమంది నిద్రలేని రాత్రులు ఉండాలో తెలిసిన జాతి మనది. అలాంటి మన పిల్లల చేతికి, పార పట్టుకుంటే చాలు ఇసుక వచ్చేస్తుంది అని నేర్పే ఆటనా ఇచ్చేది?

నిజానికి పార కూడా అక్కర్లేదు. ఉత్త చేత్తో కొట్టినా ముక్కాలు సెకనులో ఒక బ్లాకు ఊడి వస్తుంది. డైమండ్ పార తెచ్చుకుని దాని మీద ఎఫిషియెన్సీ ఎన్‌చాంట్‌మెంట్ (పనిముట్టుకి వేగం పెంచే మంత్రం) గట్టిగా వేసుకుంటే తగిలీ తగలకముందే వస్తుంది, అలా నడుచుకుంటూ పోతే వెనక ఎడారి మాయమవుతూ ఉంటుంది. ఇంకా బద్ధకస్తులు టార్చ్ (కాగడా) పద్ధతి కనిపెట్టారు. నిలువుగా పేరుకున్న ఇసుకలో అన్నిటికన్నా కింది బ్లాకు పీకేసి, పైది పడేలోగా ఆ ఖాళీలో ఒక టార్చ్ పెడతారు. పైనున్న బ్లాకులన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆ టార్చ్ మీద పడి వాటంతట అవే ఊడిపోయి చేతికి వచ్చేస్తాయి. కూలీ లేదు, జేసీబీ లేదు. రాత్రిపూట ఇసుక తవ్వడానికి మన దగ్గర కూడా లైట్లు వాడతారు గానీ ఇంత సమర్థంగా కాదు.

ఇక్కడ ఒక అన్యాయం గురించి చెప్పాలి. ఈ లోకంలో గురుత్వాకర్షణ అందరికీ సమానం కాదు. చెట్టు మొదలు నరికేస్తే పై కొమ్మలు గాల్లో నిలబడతాయి. ఇంటికింద పునాది మొత్తం తీసేసినా మేడ కదలదు, రాయి కదలదు, మట్టి కదలదు. ఇసుక, కంకర, ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన మరికొన్ని వస్తువులు మాత్రమే కింద ఆసరా లేకపోతే పడిపోవాలట. పేదవాడి ఇంటికి పనికొచ్చే సరుకుకే రూల్సన్నీ. అదీ అన్నివేళలా కాదు. ప్రపంచం పుట్టినప్పుడే ఏ గుహ మీదో ఏర్పడిన ఇసుక, కింద ఏమీ లేకపోయినా అలాగే వేలాడుతూ ఉంటుంది, ఎవరో వచ్చి పక్క బ్లాకుని కదిపేదాకా దానికి తను పడాలన్న సంగతి గుర్తురాదు. మన ఆఫీసుల్లో ఫైలు సంగతీ ఇంతే కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆటని తప్పుపట్టను.

తప్పుపట్టాల్సింది రవాణాని. ఆట లెక్కలో ఒక బ్లాకంటే ఒక ఘనమీటరు. ఘనమీటరు పొడి ఇసుక టన్నున్నర పైనే తూగుతుంది. ఇన్వెంటరీలో, అంటే ఆటగాడి సంచిలో, ఒక గడికి 64 బ్లాకులు, గడులు 36, మొత్తం 2,304 ఘనమీటర్లు, అంటే దాదాపు మూడున్నర వేల టన్నులు. ఇంత సరుకు ఒంటి మీద వేసుకుని మనవాడు పరిగెత్తుతాడు, గంతులేస్తాడు, అడ్డమొచ్చిన నదిలో ఈతకొట్టి అవతలి గట్టుకి చేరతాడు. సరుకు నింపినా ఒకే గడిలో ఇమిడే షల్కర్ బాక్సులున్న ఆసామీ అయితే ఇక చెప్పక్కర్లేదు, ఒక్కో పెట్టెలో 27 గడులు చొప్పున 36 పెట్టెలు పెట్టుకుని 62,208 ఘనమీటర్లతో బయల్దేరతాడు. ఓవర్‌లోడు కేసు రాయడానికి ఏ ఆర్టీఓ కైనా ఇంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా? రోడ్డు మీద ఒక్క గుంట పడదు, దాంతో రోడ్డు వేసిన కాంట్రాక్టరుకి మళ్లీ పని రాదు. ఆర్థిక వ్యవస్థ ఎలా నడుస్తుందో ఆలోచించారా అసలు?

ఇంతా తవ్వి ఏం చేస్తున్నారయ్యా అంటే, గాజు కాలుస్తున్నారు. ఫర్నేస్‌లో ఒక ఇసుక బ్లాకు గాజు కావడానికి పది సెకన్లు, ఒక బొగ్గుకి ఎనిమిది బ్లాకులు. ఒక స్టాకు, అంటే 64 బ్లాకుల గాజు కావాలంటే పదినిమిషాల పైన ఆ పొయ్యి ముందు కాపలా. సముద్రం అడుగున అద్దాల మేడ కట్టాలని ప్రతివాడికీ ఏదో ఒక రోజు బుద్ధి పుడుతుంది, పుట్టిన మర్నాడు పక్కనున్న బీచ్ ఉండదు. పోనీ ఒక అద్దం తప్పుగా పెట్టి పగలగొడితే ముక్కయినా తిరిగి రాదు, సిల్క్ టచ్ అనే మంత్రం ఉన్న పనిముట్టు ఉంటే తప్ప. ఇసుకరాయి చేసుకున్నా అంతే, నాలుగు ఇసుక బ్లాకులు కలిపితే ఒక రాయి వస్తుంది గానీ ఆ రాయిని మళ్లీ ఇసుక చేసే మార్గం లేదు. ఒకసారి ఖర్చుపెట్టిన బడ్జెట్ తిరిగి రాదన్న సత్యాన్ని ఇంత చక్కగా నేర్పిన ఆట, దాని ఆడిటింగ్ గురించి మాత్రం ఒక్క మాట చెప్పదు.

కాంక్రీటు సంగతి వింటే మీ మేస్త్రీ వృత్తి మానేస్తాడు. నాలుగు ఇసుక, నాలుగు కంకర, ఒక రంగు, ఎనిమిది బ్లాకుల కాంక్రీట్ పౌడర్ రెడీ. సిమెంటు ఊసు లేదు, చువ్వ లేదు. ఆ పౌడర్‌కి నీళ్లు తగిలిన క్షణంలో గట్టిపడిపోతుంది, క్యూరింగ్‌కి పొద్దునా సాయంత్రం గొట్టం పట్టుకుని నిలబడక్కర్లేదు, పక్కింటాయన వచ్చి గోడని తట్టి నీళ్లు సరిగ్గా పట్టలేదండీ అనక్కర్లేదు. పైగా వాడేది ఎడారి ఇసుక! బయటి ప్రపంచంలో ఎడారి ఇసుకని గాలి దొర్లించి దొర్లించి రేణువులు నున్నగా చేసేస్తుంది, కాంక్రీటులో అది సరిగ్గా పట్టుకోదు, అందుకే ప్రపంచమంతా నదుల మీద పడింది. ఏటా దాదాపు 5,000 కోట్ల టన్నుల ఇసుకా కంకరా వాడేస్తున్నామని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో నెత్తీ నోరూ బాదుకుంది. ఈ ఆటలో ఆ ఇబ్బంది లేదు కాబట్టి వాళ్లు నదుల్ని వదిలేశారనుకునేరు. నది దగ్గరుంటే నది, ఎడారి దగ్గరుంటే ఎడారి, వాళ్లకి తేడా లేదు.

మన నదిలో అయితే కేంద్ర పర్యావరణ శాఖ 2016 మార్గదర్శకాల ప్రకారం మూడు మీటర్ల లోతుకి మించి తవ్వకూడదు, అంతకన్నా ముందే నీళ్లు పడితే అక్కడితో ఆపేయాలి. ఎంత చక్కగా అమలవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మైన్‌క్రాఫ్ట్ ఎడారిలో ఈ నియమాన్ని నేలే పాటిస్తుంది, పైన కొద్ది బ్లాకుల మందం ఇసుక, ఆ తర్వాత ఇసుకరాయి. ఇన్‌స్పెక్టరు లేకుండా నిబంధన అమలు కావడం నేను ఇదే చూడటం, అంచేత నాకు కాస్త అనుమానంగా ఉంది.

ఇంకో సంగతి. గోదావరిలో తవ్విన చోటికి వరదొస్తే ఎంతో కొంత ఇసుక మళ్లీ చేరుతుంది. ఇక్కడ అదీ లేదు, తవ్విన గుంట ఆ ప్రపంచం ఉన్నంతకాలం గుంటే. వాన పడినా పూడదు, ఎడారిలో అయితే వానే పడదు. తాబేళ్లు తాము పుట్టిన తీరానికే వెళ్లి ఇసుకలో గుడ్లు పెడతాయి, మన కోస్తాకి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లలాగే. ఆ తీరాన్ని ఎవరో అద్దాల మేడకి వాడేశారని వాటికి నోటీసు కూడా ఇవ్వరు.

మరి ఆ లోకంలో కొత్త ఇసుక ఎక్కడినుంచి వస్తుంది? ఒకే ఒక్క అధికారిక మార్గం ఉంది, నీలం అంగీ వేసుకుని రెండు లామాల్ని వెంటేసుకుని తిరిగే వాండరింగ్ ట్రేడర్ అనే సంచార వ్యాపారి. ఒక ఎమరాల్డ్ (అక్కడ చెల్లే డబ్బు అదే) ఇస్తే ఎనిమిది బ్లాకులు ఇస్తాడు. రైతు విలేజర్‌కి ఇరవై గోధుమ కట్టలు ఇస్తే ఒక ఎమరాల్డ్ వస్తుంది, అంటే ఇరవై కట్టల గోధుమకి పన్నెండు టన్నులకి పైగా ఇసుక, అదీ పిలవకుండానే గుమ్మం ముందుకి. ఇలాంటి మనిషి మన జిల్లాకొస్తే పూలదండ వేసి ఊరేగిస్తాం. వాళ్లేం చేస్తారో తెలుసా? చంపి లామాల పగ్గాలు లాక్కుంటారు. నిజాయితీగా ఇసుక అమ్మేవాడికి ఏ లోకంలోనైనా ఇదే గతి.

దొంగ ఇసుక లేదా అంటే, ఎందుకు లేదు. ఆట కంప్యూటర్ వెర్షన్ అయిన జావా ఎడిషన్‌లో, ఎండ్ అనే మరో లోకానికి పోయే పోర్టల్ గుండా పడే ఇసుకని కిటుకుగా పంపిస్తే ఒక బ్లాకు అవతలికి పోతుంది, దాని నకలు ఇవతల దొరుకుతుంది. దీన్ని వాళ్లు డూపింగ్ అంటారు. ఒకే వేబిల్లు చూపించి పొద్దున్నుంచి పది ట్రిప్పులు వేసే మన లారీ ఓనర్లకి ఇందులో కొత్త ఏముంటుంది గానీ, ఎక్కడో స్వీడన్‌లో పుట్టిన ఆటకి ఈ విద్య ఎవరు నేర్పారన్నదే నా ప్రశ్న. పదిమంది కలిసి ఆడుకునే సర్వర్లు చాలావరకు దీన్ని నిషేధించాయి. నిషేధించాక ఆగిందా అని మీరు అడగకండి, నేను చెప్పను.

సర్వర్ల మాట వచ్చింది కాబట్టి అడ్మిన్లకి ఒక నమస్కారం. స్పాన్ (కొత్త ఆటగాడు మొదట ప్రత్యక్షమయ్యే చోటు) చుట్టుపక్కల బీచ్ తవ్వొద్దు అని వాళ్లు బోర్డులు పెట్టారు. జనం వినలేదు. అప్పుడు రిసోర్స్ వరల్డ్ అని వేరే ప్రపంచం తెరిచి, వెళ్లి అక్కడ మీ ఇష్టమొచ్చినట్టు తవ్వుకోండి అన్నారు, అది గుంటలతో నిండిపోయాక చెరిపేసి ఇంకోటి పెడతారు. పాడుచేయడానికి ఒక లోకం, కాపురానికి ఒక లోకం. మనవాళ్లు ఈ పథకాన్ని ఎందుకు కాపీ కొట్టలేదా అని చూస్తే, రెండో లోకానికి భూసేకరణే సమస్యలా ఉంది.

నా వంతుగా ప్రభుత్వం లాంటిది ఏదైనా అక్కడ ఏర్పడితే దానికి కొన్ని సూచనలు. బయోమ్‌కి ఒక ఇసుక కమిటీ వేయాలి. చెక్‌పోస్టులకి కొత్తగా ఉద్యోగాలివ్వనక్కర్లేదు, హస్కులనే జాంబీలు ఉన్నారు కదా. ఎడారిలోనే ఉంటారు, మిగతా జాంబీల్లా ఎండకి కాలిపోరు, మనిషి కనబడితే వెంటపడతారు, ఉత్త చేత్తో ఒక్కసారి తగిలితే ఎదుటివాడికి ఆకలి మొదలవుతుంది. ఇన్ని అర్హతలున్న సిబ్బంది దొరకడం అదృష్టం. 2023లో వచ్చిన సస్పీషియస్ శాండ్‌ని పురావస్తు శాఖకి వదిలేయాలి. దాన్ని బ్రష్‌తో మెల్లగా తుడిస్తే పాత వస్తువులు బయటపడతాయి, పారతో కొడితే ఏమీ మిగలదు. మన దగ్గర రాత్రి పదకొండు దాటాక కదిలే ఇసుకంతా సస్పీషియసే గానీ దాన్ని తుడిచి చూసే ధైర్యం ఎవరికుంది? టీఎన్‌టీకి వాడే ఇసుక మీద ప్రత్యేక సెస్సు ఉండాలి. ఒక్కో టీఎన్‌టీకి నాలుగు బ్లాకులు పడుతున్నాయి, దాంతో పేల్చేది మళ్లీ గనులే, కాకపోతే స్నేహితుడి ఇల్లు.

నెదర్ అనబడే కింది లోకం మాత్రం ఈ విధానం పరిధిలోకి రాదు. అక్కడి ఇసుక వేరు, సోల్ శాండ్, దాని మీద ఏడుస్తున్న మొహాలు కనిపిస్తాయి, బహుశా రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు. దాని మీద అడుగుపెడితే నడక దాదాపు సగానికి పడిపోతుంది. ఇసుక దారిలో వేగ నియంత్రణ నికరంగా అమలవుతున్న చోటు రెండు లోకాల్లోనూ అదొక్కటే అని నేను మెచ్చుకునేలోపు దానికీ దారి కనిపెట్టారని తెలిసింది. బూట్లకి సోల్ స్పీడ్ అని ఒక ఎన్‌చాంట్‌మెంట్ ఉంది, వేసుకుంటే ఆ ఇసుక మీద మామూలు నేలకన్నా వేగంగా పోవచ్చు. అది ఎక్కడ దొరుకుతుందంటే, అక్కడుండే పిగ్లిన్ అనే పంది మొహం జీవి చేతిలో బంగారు కడ్డీ పెట్టాలి. అది కడ్డీని కాసేపు కళ్ల దగ్గర పెట్టుకుని పరీక్షగా చూసి, లోపల వేసుకుని, తనకి తోచింది ఏదో ఒకటి విసురుతుంది. మనం అడిగినదే రావాలని లేదు, రాకపోతే ఇంకో కడ్డీ. రసీదు అడిగే సంప్రదాయం లేదు.