రెక్క తెగిన చేపను వదలొద్దు

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో పారే క్లియర్‌వాటర్ నదికి శరత్కాలంలో స్టీల్‌హెడ్ చేపలు ఎక్కి వస్తాయి. రెయిన్‌బో ట్రౌట్ జాతిదే ఈ చేప. ఏటిలో పుట్టి సముద్రానికి పోతుంది, ఒకటి రెండేళ్లు అక్కడ మేసి ఒళ్లు చేసుకుంటుంది, పుట్టిన నీటి వాసన పట్టుకుని వెనక్కి వస్తుంది. క్లియర్‌వాటర్ నీళ్లు చివరికి చేరే కొలంబియా నది సముద్రంలో కలిసే చోటు నుంచి క్లియర్‌వాటర్ ఒడ్డునున్న అసాకా ఊరి దాకా దాదాపు 500 మైళ్లు ఎదురీత, దారిలో ఎనిమిది ఆనకట్టలు. ఎర్రనీటికి ఎదురెక్కే పులసను ఎరిగిన వాళ్లకు ఆ శ్రమ గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ చేపను ఫ్లైతో, అంటే ఈకలూ దారమూ చుట్టి కట్టిన కొక్కెంతో పట్టేవాళ్లలో ఒక అలవాటు ఉంది. పట్టిన ప్రతి చేపనూ తిరిగి నీళ్లలో వదిలేయడమే గొప్ప అనుకుంటారు. అన్ని నదులకూ ఆ నియమం పనికిరాదు. హ్యాచరీ మీద, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను తొట్టెల్లో పెంచి వదిలే కేంద్రం మీద ఆధారపడ్డ నదిలో, నిబంధనలు అనుమతించినప్పుడు, హ్యాచరీ చేపను ఇంటికి తీసుకెళ్లాలి, ఏటిలో సహజంగా పుట్టిన చేపను వదలాలి. ఐడహో, వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో స్థిరపడి, లైసెన్సు తీసుకుని ఏటికి దిగే తెలుగువారికీ మేము చెప్పేది ఇదే.

రెండింటికీ తేడా ఒక చిన్న రెక్కలో ఉంది. వెన్ను మీది పెద్ద రెక్కకూ తోకకూ మధ్య, చిటికెన వేలి కొసంత మెత్తని కొవ్వు రెక్క ఉంటుంది. హ్యాచరీలో పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరిస్తారు. ఆ చోట మానిన మచ్చ ఉంటే హ్యాచరీ చేప. రెక్క ఉంటే వదలాల్సిందే. రెక్క కత్తిరించకుండా వదిలిన హ్యాచరీ చేపలూ కొన్ని ఉంటాయి. అయినా వెన్ను రెక్క అరిగిపోయి వంకరగా ఉందనో, చేప హ్యాచరీదిలా కనిపిస్తోందనో సొంతంగా తీర్పు చెప్పుకుని సంచిలో వేసుకోవడానికి వీల్లేదు. చూడాల్సింది కొవ్వు రెక్క ఒక్కటే.

అసలు హ్యాచరీ ఎందుకొచ్చింది? క్లియర్‌వాటర్ ఉత్తర పాయ మీద 717 అడుగుల ఎత్తున కట్టిన డ్వార్షాక్ ఆనకట్ట 1973లో పూర్తయింది. దానికి చేపలు ఎక్కిపోయే మెట్లు లేవు. పైనున్న గుడ్లు పెట్టే చోట్లన్నీ చేపకు శాశ్వతంగా మూసుకుపోయాయి. ఆ నష్టానికి పరిహారంగా ఆనకట్ట కిందే హ్యాచరీ పెట్టారు. అక్కడి ఆదివాసులైన నెజ్ పెర్స్ తెగ, ఫెడరల్ మత్స్య శాఖ కలిసి నడిపిన ఆ హ్యాచరీలో చేపల పెంపకం నిర్వహణ 2022లో తెగ చేతికి వచ్చింది. ఏటా ఇరవై లక్షల దాకా పిల్లలను వసంతంలో నదిలోకి వదులుతారు. అమెరికా ప్రభుత్వంతో 1855లో చేసుకున్న ఒప్పందంలో చేపలు పట్టే హక్కును తమకే ఉంచుకున్న తెగ అది. ఈ చేప వాళ్లకు చెల్లాల్సిన బాకీ కూడా.

అయితే తొట్టెలో పెరిగిన చేప నదికి పూర్తి బదులు కాలేదు. ఏటిలో పుట్టిన పిల్ల సముద్రానికి పోయే ముందు మామూలుగా రెండు మూడేళ్లు వరదలనూ కొంగలనూ తప్పించుకుంటూ పెరుగుతుంది. హ్యాచరీ పిల్ల గుళికల మేత తిని ఏడాదిలోనే ఆ సైజుకు వస్తుంది. తొట్టెలో నెగ్గే గుణం ఏటిలో నెగ్గించదు. ఒరెగాన్‌లోని హుడ్ నది స్టీల్‌హెడ్ మీద 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దీన్ని లెక్కగట్టింది. హ్యాచరీలో పెరిగిన ఒక్కో తరానికీ ఏటిలో సంతానాన్ని నిలబెట్టుకునే శక్తి సుమారు 40 శాతం తగ్గుతోందని తేలింది. అలాంటి చేప పైపాయల్లోకి పోయి సహజ చేపతో జతకడితే నష్టం తర్వాతి తరానికి పాకుతుంది. రెక్క తెగిన చేపను ముద్దుగా వదిలేస్తే ఈ ప్రమాదాన్నే వదిలినట్టు.

దీనికో మినహాయింపు ఉంది. హ్యాచరీకీ తల్లి చేపలు కావాలి. 2019 శరత్కాలంలో తిరిగొచ్చిన చేపలు అందుకు చాలవని తేలి క్లియర్‌వాటర్‌లో స్టీల్‌హెడ్ వేటను ఆపేశారు. అందుకే బయలుదేరిన రోజునే ఆ రోజు అమల్లో ఉన్న నిబంధన చూసుకోవాలి. పోయినేటి కాగితం పనికిరాదు.

పట్టే పద్ధతికొస్తే, మనిషి నడిచేంత వేగంతో, మూడు నుంచి ఆరడుగుల లోతున, అడుగున పెద్ద రాళ్లున్న నీరు వెతకాలి. రెండు చేతులతో విసిరే పదమూడడుగుల రాడ్, ఏడో ఎనిమిదో నంబరు బరువున్న లైన్ సరిపోతాయి. అక్టోబరులో తేలే లైన్, పదడుగుల లీడర్ (లైన్ చివరకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం) వాడొచ్చు. నీళ్లు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లబడితే మునిగే కొస తగిలించి లీడర్‌ను మూడు నాలుగు అడుగులకు కుదించాలి. లేకపోతే ఫ్లై పైకి లేచిపోతుంది. అవతలి ఒడ్డు వైపు, 45 డిగ్రీల వాలులో దిగువకు విసిరి, లైన్‌ను ఒకసారి ఎగువకు మళ్లించి, ఫ్లై తనంతట తాను ఇవతలి ఒడ్డుకు ఊగుతూ వచ్చేదాకా ఆగాలి. వచ్చాక పది సెకన్లు అలాగే ఉంచి, రెండడుగులు దిగువకు జరిగి మళ్లీ విసరాలి. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు విసరకముందే నడుముదాకా దిగడం. చేప చాలాసార్లు ఒడ్డుకు ఇరవై అడుగుల్లోనే ఉంటుంది, వీళ్లు దాన్ని తొక్కుకుంటూ పోతారు. రెండోది, తగలగానే రాడ్ ఎత్తడం. అప్పటికి చేప నోరు ఇటే ఉంటుంది, కొక్కెం జారి వచ్చేస్తుంది. రీల్ తిరగనివ్వాలి. బరువు నిలకడగా తెలిశాక రాడ్‌ను కిందుగా ఒడ్డు వైపు లాగాలి.

రెక్క ఉన్న చేప దొరికితే మోకాటి లోతు నీళ్లలోనే పని ముగించాలి. కొక్కెం కొస దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు. వల రబ్బరుదై ఉండాలి, చేతులు తడిగా ఉండాలి. తల నీళ్లలోనే ఉంచి, శ్రావణంతో కొక్కెం వెనక్కి తోస్తే క్షణంలో ఊడుతుంది. తోక మొదలు పట్టుకుని ప్రవాహానికి ఎదురుగా నిలిపితే, బలం రాగానే అదే విదిలించుకుని పోతుంది. ఫొటో కోసం పైకెత్తడాన్ని వాషింగ్టన్ రాష్ట్రం నేరంగానే చూస్తుంది. పసిఫిక్ సాల్మన్‌లా కాకుండా స్టీల్‌హెడ్ ఒక్కసారి గుడ్లు పెట్టి చచ్చిపోవాలని లేదు, బతికితే మళ్లీ రావచ్చు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే అసలు లైనే విసరొద్దు.

రెక్క తెగినదైతే తలమీద ఒక్క దెబ్బతో చంపి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, మంచులో పెట్టి, పర్మిట్‌లో అక్కడికక్కడే నమోదు చేయాలి.

నది నిర్వాహకులను మేము కోరేది ఒకటుంది. వదిలిన పిల్లల సంఖ్యను నది ఆరోగ్యానికి కొలతగా చూపొద్దు. క్లియర్‌వాటర్ కూడా కలిసిన స్నేక్ నదీ పరివాహకంలోని సహజ స్టీల్‌హెడ్‌ను 1997లో ముప్పులో ఉన్న చేపగా ప్రకటించారు. తిరిగొచ్చిన సహజ చేపలెన్నో ఏటా అన్ని అంకెల కంటే పైన వేయాలి.

ఈ లెక్క మనకూ అవసరం. గంగమీద ఫరక్కా దగ్గర కేంద్ర అంతర్గత జలాల మత్స్య పరిశోధన సంస్థ ఇలస (మన పులస జాతిదే) చేపలను ఆనకట్ట ఎగువన వదులుతోంది. ధవళేశ్వరం అడ్డుపడ్డ గోదావరిలోనూ అలాంటి పని ఎప్పుడైనా మొదలైతే, మన పులసకు కత్తిరించడానికి కొవ్వు రెక్క లేదు. చేయి తగిలితేనే పొలుసు రాలి చచ్చే సున్నితమైన చేప అది. వదిలిన చేపనూ నదిలో పుట్టిన చేపనూ వేరుచేసే గుర్తు ఏదో తేల్చుకున్నాకే మొదటి పిల్లను నీళ్లలో వదలాలి.