మిలాన్‌కో న్యాయం, పర్లాకిమిడికో న్యాయమా?

2025 జూన్‌లో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా కొల్హాపురీ చెప్పులను పోలిన పాదరక్షలను మిలాన్ వేదిక మీద ప్రదర్శించి, వాటి పుట్టుక గురించి ఒక్క మాటైనా చెప్పనప్పుడు దేశమంతటితో పాటు ఈ ఆంధ్ర–ఒడిశా సరిహద్దు పట్టణాల తెలుగువారూ మండిపడ్డారు. ఆ సంస్థ చివరకు భారతీయ మూలాన్ని అంగీకరించక తప్పలేదు. ఆ ఆగ్రహం న్యాయమైనదే. అయితే అది మన బజారు దాకా వచ్చేసరికి ఎందుకు చల్లారిపోతున్నది? పర్లాకిమిడి, గుణుపురం దుకాణాల్లో సవర గిరిజనులు పూజ కోసం ఇంటి గోడ మీద గీసే ఇడితాల్ బొమ్మలు అచ్చువేసిన దిండు గలీబులు, టేబుల్ గుడ్డలు, చివరకు డోర్‌మ్యాట్లు సైతం వేలాడుతున్నాయి. కొన్నింటికి ‘వర్లీ’ అని చీటీ అంటించారు. మహారాష్ట్ర వర్లీలు వేరు, మన కొండల సవరలు వేరు అన్న పాటి తెలివిడి కూడా ఆ చీటీ రాసినవారికి లేకపోయింది.

ఇడితాల్ గోడకు అందం తెచ్చే అలంకారం కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, పెద్దలు గతించినప్పుడు, పంట బాగుండాలని మొక్కుకున్నప్పుడు లోపలి గోడను ఎర్రమట్టితో అలికి, తడి బియ్యప్పిండితో, కొస నలగగొట్టిన పుల్లతో దానిని గీస్తారు. గీత ముగిసినంత మాత్రాన పని పూర్తి కాదు. పూజారి బొమ్మ ముందు కూర్చొని దేవతనో, పితరులనో ఆవాహన చేసి సమ్మతమేనా అని అడుగుతాడు. ఏనుగు లేదనో, ఒక మనిషి తక్కువయ్యాడనో జవాబు వస్తే చిత్రకారుడు మళ్లీ పుల్ల పట్టవలసిందే. అంత తర్జనభర్జన తర్వాత దేవతకు నివాసమయ్యే బొమ్మ మీద మనం చెప్పుల మట్టి తుడుచుకుంటున్నాం.

అరువు తెచ్చుకోవడమే నేరమని మేము అనడం లేదు. సవరలే రైలును, సైకిలును, విమానాన్ని తమ గోడల మీదికి తెచ్చుకున్నారు. వాటిని దేవతకు సమర్పించారే తప్ప ఎవరి పూజనూ కాలికింద పరచలేదు. ఈ బొమ్మలకు గిరాకీ పెరిగితే గిరిజనులకే లాభమని వర్తకులు చెబుతున్నారు. అమ్మకం కోసమే కాగితం మీద, గుడ్డ మీద గీసే సవర చిత్రకారుల పని కొంటే ఆ మాట నిజమే. ఎక్కడో యంత్రం మీద అచ్చైన డోర్‌మ్యాట్ వల్ల వారికి పైసా రాదు.

సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరల చిత్రాలకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది కదా అని సరిపెట్టుకోవడానికీ లేదు. ఆ చట్టం కాపాడేది పేరును, గీతను కాదు. పేరు మింగేసి బొమ్మను మాత్రం వాడుకునేవాడు దానికి చిక్కడు.

2017 జనవరిలో అమెజాన్ కెనడా సైటులో మన జాతీయ పతాకం ముద్రించిన డోర్‌మ్యాట్లు కనిపిస్తే, సంస్థ అధికారులకు వీసాలు ఇవ్వబోమని నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ హెచ్చరించారు. వాటిని వెంటనే తీసేశారు. మన జెండాకు ఉన్న మర్యాద సవరల దేవతకు లేదా? వేంకటేశ్వరస్వామి బొమ్మతో డోర్‌మ్యాట్ అమ్మే ధైర్యం ఏ దుకాణదారుకు ఉన్నది? గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చింది ఈ పర్లాకిమిడి గడ్డ మీదనే. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండలు వేసే చేతులే మరునాడు ఆ సరుకుకు బిల్లు రాస్తున్నాయి.

ప్రాడాను మనం అడిగిందల్లా ఎవరి పనో చెప్పమని, వారి వాటా వారికి ఇమ్మని. ఆ రెండూ ఇక్కడా జరగాలి. ఏ బొమ్మ అమ్మకానికి తగినది, ఏది కాదు అన్నది ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులు సవర పెద్దలనే అడిగి తేల్చాలి. గీసిన వ్యక్తి పేరు, ఊరు చీటీ మీద ఉండాలి. డోర్‌మ్యాట్లను మాత్రం వర్తక సంఘాలు ఎవరి ఉత్తర్వు కోసమూ చూడకుండా ఈ వారమే తీయించాలి. అది కూడా చేతకానివారు కొల్హాపురీ చెప్పుల ఊసు ఇంకెప్పుడూ ఎత్తవద్దు.