సవరణ: యూవీ లైటు ఏ గుడ్లకి?

ట్రైకో కార్డుల గురించి మొన్న రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. పంట పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని చంపే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగను పొలంలో వదలడానికి వాడే అట్టలే ఈ కార్డులు. ఆ కందిరీగను పెంచేది కార్సైరా అనే రెక్కల పురుగు గుడ్లలో, అందుకే ముందు కార్సైరాను జొన్న రవ్వలో పెంచాలి. ఆ కార్సైరా గుడ్లను రవ్వలో చల్లే ముందు యూవీ లైటు కింద పెట్టాలని రాశాను. అలా చేస్తే గుడ్డులో పిండం చచ్చిపోతుంది, ఒక్క లార్వా కూడా బయటికి రాదు. అమలాపురం వైపు ఒక డిగ్రీ విద్యార్థి నా మాట నమ్మి రెండు బేసిన్లు పెట్టి, మూడు వారాలు మూత తీసి చూసుకున్నాడట. గూడు లేదు, పురుగు లేదు, ఉత్త రవ్వ. ఆ అబ్బాయికి సారీ చెప్పాను.

పెంపకానికి వేసే గుడ్లకు యూవీ అక్కర్లేదు. రెండున్నర కిలోల రవ్వను ముందే వేడి చేసి చల్లార్చి, వేరుశనగ పొడి, కొంచెం ఈస్టు, గంధకం కలిపి, అర సీసీ తాజా గుడ్లు చల్లి, పైన పల్చటి బట్ట కట్టేయడమే. దాదాపు 40 రోజులకు రెక్కల పురుగులు రావడం మొదలవుతుంది. యూవీ పెట్టేది ఆ పురుగులు పెట్టిన గుడ్లకి, అదీ ట్రైకోగ్రామాకు ఇచ్చే ముందు. పిండం చచ్చిన గుడ్డులో కూడా ట్రైకోగ్రామా తన గుడ్డు పెట్టగలదు. బతికి ఉంటేనే గొడవ, లార్వా పుట్టి పక్క గుడ్లను నమిలేస్తుంది.

ఇంకొకటి, చిన్నదే. కార్సైరాను వరి కాండం తొలిచే పురుగు అన్నాను. కాదు, ఇది నిల్వ గింజల పురుగు, ఇంట్లో బియ్యాన్ని ఉండలు కట్టించేది. చేలో కాండం తొలిచేది వేరే జాతి. ట్రైకోగ్రామా జపోనికమ్‌ను వదిలేది దాని గుడ్ల కోసం. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను.